ఇరవై మూడు దినాల బాకీ

మదనపల్లె,
21 ఆగస్టు 2025, గురువారం.

ఈ దినం చేసినవి: కసువు ఊడ్చడం, నీళ్ళు పట్టడం, పాలు కాచడం, రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, గుడ్డలు ఉతకడం, ఆరేయడం. మొత్తం ఏడు.
చేయనివి: ఆరిన గుడ్డలు మడతపెట్టడం, మధ్యాహ్నం బోకులు తోమడం, అమ్మ ట్రంకుపెట్టె తెరవడం. మొత్తం మూడు.

ప్రియమైన చెల్లెలు జెనిఫర్‌కు, అక్క షైలజ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసేది. దేవుని కృపవల్ల ఇక్కడ మీ బావ పూర్తిగానూ, నేను ముప్పాతిక వంతూ బాగున్నాము. ఇంతకు ముందు ఏ ఉత్తరంలోనైనా అందరం బాగున్నామని ఒక వాక్యం రాసేసి సంగతికి పోయేదాన్ని. ఈసారి కొలిచి రాస్తున్నాను. అక్కడ నువ్వూ మరిది ప్రకాష్ బాబూ ఎన్ని వంతులు బాగున్నారో అట్లే కొలిచి రాయి.

పైన చేయనివి మూడు అని రాశాను, చూశావు కదా. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నా పనుల పుస్తకంలో ఆ వరుసే లేదు. అది వచ్చి రెండు నెలలయింది. ఎట్లా వచ్చిందో చెబుతాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. కుప్పం ముద్ర చూసి, కవరు చించడానికి మనసొప్పక కత్తెరతో అంచు కత్తిరించాను. ఫిబ్రవరి తర్వాత నీ చేతిరాత చూడడం ఇదే. ఫోనులో నేను నిన్ను ముగించనివ్వనని, మధ్యలోనే జవాబు చెప్పేస్తానని, అందుకే కాగితం మీద పెడుతున్నానని రాశావు. నిజమే జెనీ. ఉత్తరానికి అడ్డం పడడానికి లేదు, చివరిదాకా చదవాల్సి వచ్చింది. రాసినందుకు ముందుగా నీకు కృతజ్ఞతలు. నువ్వు అడిగిన మూడింటికీ వరుసగా జవాబు రాస్తాను. మూడోది కష్టం, దానికి చోటు ఎక్కువ పడుతుంది.

మొదటిది, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నానా అని. వేసుకుంటున్నాను. మొదటి మూడు వారాలు ఐరన్ మాత్ర నోట్లో వేసుకుని వెంటనే కాఫీ తాగాను. కాఫీ ఆ మాత్రను పనిచేయనివ్వదని, ముందూ వెనకా గంట ఎడం ఉండాలని డాక్టరు సుప్రజగారు చెప్పారు. ఇప్పుడు నిమ్మకాయ నీళ్ళతో వేసుకుని, గడియారం చూసి కాఫీ పెట్టుకుంటున్నాను.

రెండోది, వంట ఎవరు చేస్తున్నారని. మధ్యాహ్నం నేను. పొద్దున నాష్టా మీ బావ. శాలేము రాజుగారు స్టవ్ వెలిగించడం నువ్వు ఎప్పుడైనా చూశావా? మొదటి దినం ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశారు. అడిగితే ఒకటి రవ్వకు, ఒకటి నీళ్ళకు అన్నారు. తిన్నాను. ఇరవై ఆరేళ్ళలో నేను వండిన వాటిని ఆయన కూడా అట్లే నోరెత్తకుండా తిన్న రోజులు ఉంటాయని అప్పుడు తోచింది.

ఇక మూడోది. నీ మాటల్లోనే ఇక్కడ దించుతున్నాను. "నీకు నంబరు వచ్చింది కాబట్టి అందరూ నమ్మినారు. నాకు రాలేదు. ఇప్పుడైనా నమ్ముతావా అక్కా? నీ జవాబు చూసినాక మీ ఇంటికి వచ్చేదీ రానిదీ చెప్తాను."

నీకు తెలిసిందే అయినా వరుసగా రాస్తే తప్ప నాకు లెక్క తేలదు. ఓర్చుకుని చదువు.

పోయిన ఏడాది జూలైలో పుంగనూరులో అమ్మ జారిపడి తుంటి విరిగినప్పుడు, వంతులు వేసింది నేనే. పదిహేను దినాలు నేను మదనపల్లె నుంచి, పదిహేను దినాలు నువ్వు కుప్పం నుంచి. రెండు నెలలు బాగానే జరిగింది. ఆ తర్వాత నువ్వు రావాల్సిన దినం రాకపోవడం, వచ్చినా మూడు దినాలు ముందే వెళ్ళిపోవడం, ఫోను ఎత్తకపోవడం మొదలైంది. నీ కుట్టుమిషను మీద పరిచిన గుడ్డ పరిచినట్లే ఉందని, పొద్దున పదైనా నువ్వు మంచం దిగడంలేదని ప్రకాష్ బాబు చెప్పాడు. ఆయనే నిన్ను ఆసుపత్రికి తీసుకుపోతే రక్తం, షుగరు, థైరాయిడ్ అన్నీ నార్మల్ అని వచ్చాయి. మనసు డాక్టరు డిప్రెషన్ అని రాశారు. ఆ సంగతి చెప్పడానికి నువ్వు ఫోను చేస్తే నేను అన్న మాట నీకు గుర్తుంది. నాకూ గుర్తుంది. "అన్నీ నార్మలే అయితే ఇంక లేచేదానికేం రోగం?"

నువ్వు రాని దినాలన్నీ పుస్తకంలో వేశాను. అమ్మ జనవరిలో పోయేనాటికి ఇరవై మూడు. ఫిబ్రవరిలో అమ్మ ఆదరణ కూడిక నాడు, పాస్టరుగారు ప్రార్థన ముగించి అందరూ ఆకుల ముందర కూర్చున్నాక, చివర్లో అమ్మను ఎవరు చూసుకున్నారమ్మా అని మేనత్త ఊరికే అడిగింది. నేను లోపలికి పోయి పుస్తకం తెచ్చాను. తేదీలతో సహా చదివాను. నువ్వు ఆకు ముందునుంచి లేచి, చెప్పులేసుకుని, పలమనేరు బస్సు ఎక్కేశావు. ఆకులో వడ్డించింది వడ్డించినట్లే ఉంది. ఇంట్లో పనికి ఉన్న బయ్యమ్మ ఆ ఆకు తీస్తూ నా వైపు చూడలేదు.

జూన్‌లో ఒక పొద్దున పాలు స్టవ్ మీద పెట్టి, కాళ్ళు పీకుతున్నాయని వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాలు అంచుకొస్తున్నాయి. లేచి ఆపాలి, అంతే. చేయి నేల మీద ఆనించాను కూడా. పొంగాయి, స్టవ్ మీదికి కారాయి, మాడిన వాసన వచ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను. నాకు బాధగా కూడా లేదు జెనీ, అదే భయం వేసింది. మీ బావ వచ్చి స్టవ్ ఆపి, నా ముఖం చూసి, ఆటో పిలిచారు.

హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఎనిమిది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అయ్యో అన్నారు. చర్చి ఆడవాళ్ళు దానిమ్మకాయలు తెచ్చారు. ఈ స్థితిలో ఇంత పని ఎట్లా చేశావమ్మా అని మెచ్చుకున్నారు. నేను మెప్పు తీసుకుని ఊరుకున్నాను.

నా పనుల పుస్తకం డాక్టరుకు చూపించాను. ఆమె పేజీలు తిప్పి, ఇన్ని పనులు చేసే మనిషికి ఈ రక్తం చాలదే అని, చేయనివి కూడా రాసి తెమ్మన్నారు. ఆ సాయంత్రం మీ బావ పుస్తకం పట్టుకుని ఒక్కొక్క టిక్కూ చదివారు. నిజంగా చేశానంటే టిక్కు ఉంచారు, చేయలేదంటే ఎర్ర ఇంకుతో సున్నా. నాలుగు నెలల్లో నూట పద్దెనిమిది సున్నాలు తేలాయి.

"యాల కొట్టినావు షైలా ఈ ఉత్తుత్తి టిక్కులన్నీ? నేనేమైనా అడిగినానా?"

"టిక్కు లేకుంటే ఆ దినం నేను లేనట్లు ఉంటాది," అన్నాను.

ఆయన ఇంకో పేజీ తిప్పారు. ఆ సున్నాలు ప్రతి నెలా ఒకే వారంలో గుంపుగా పడ్డాయి. దాన్ని బట్టే డాక్టరు నెలసరి సంగతి అడిగి, రక్తం ఎక్కడ పోతోందో పట్టుకున్నారు. ఐరన్ సెలైన్‌లో ఎక్కించి, మాత్రలు రాశారు. పోయిన వారం పరీక్ష చేస్తే పది పాయింట్ నాలుగు.

ఆ దినమే ఆమెను అడిగాను, రిపోర్టులన్నీ బాగుండి కూడా లేవలేని వాళ్ళు ఉంటారా అని. చాలామంది ఉంటారమ్మా అన్నారు. రక్తంలో కనబడేవి కొన్నే అని, మనసు కుంగినా కాలు కదలదని, అది కూడా జబ్బేనని, మందూ మాటా రెండూ కావాలని చెప్పారు. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నా చెల్లెలు అన్నాను. ఆమెను సోమరి అన్నారా అని అడిగారు. నేను మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

నిజం చెప్పాలంటే, డాక్టరు చెప్పినా నాకు పూర్తిగా ఎక్కలేదు. నంబరు లేనిది నాకు చేతికి చిక్కదు. కానీ మొన్న ఆదివారం జరిగింది విను. పది పాయింట్ నాలుగు ఉన్న మనిషిని, రాత్రి బాగా నిద్రపోయిన మనిషిని, అమ్మ ట్రంకుపెట్టె తెరుద్దామని దాని ముందర కూర్చున్నాను. మూత మీద చేయి పెట్టాను. చర్చి గంట కొట్టింది, మీ బావ పిలిచారు, ఒంటి గంట అయింది, నేను ఆ చేయి తీయనూ లేదు, మూత ఎత్తనూ లేదు. ఆ దినం నాకేమైందో ఏ కాగితంలోనూ లేదు. ఒక్క దినం జెనీ. నీకు అట్లాంటివి ఎన్ని గడిచాయో నేను వేసిన ఇరవై మూడులో లేదు.

నమ్ముతున్నాను. నంబరు లేకుండానే నమ్ముతున్నాను.

ఇక్కడితో ముగిస్తే నా ఉత్తరం చక్కగా ఉంటుంది. కానీ ఇంకొకటి ఉంది. నవంబరు నుంచి దాన్ని దాచి పెట్టుకున్నాను.

నవంబరులో అమ్మ దగ్గర నా వంతు. అప్పటికే నాకు ఒళ్ళు తేలిపోతూ ఉండేది. అమ్మకు స్నానం చేయించిందీ, గుడ్డలు మార్చిందీ బయ్యమ్మ. నేను పక్కన చాప మీద పడుకుని ఉన్నాను. ఆమె బకెట్టు తీసుకుపోయాక, పడుకున్నట్లే పుస్తకం అందుకుని "స్నానం" ఎదురుగా టిక్కు కొట్టాను. నీ వంతులో ఆ పని బయ్యమ్మ చేస్తే నీ పేరున రాయలేదు. నా వంతులో చేస్తే నా పేరున రాసుకున్నాను. అమ్మ మంచం మీదినుంచి చూస్తూనే ఉంది.

"ఇద్దరూ ఒకే మాదిరుండారు పాపా," అంది. "సిన్నది పండుకోని ఏడుస్తాది. నువ్వు పండుకోని టిక్కులు కొడతావు."

నాకు ముఖం మాడిపోయింది. ఏమి మాటలు అవి అన్నాను. అమ్మ నవ్వి, మెల్లగా చెప్పింది.

"సిన్నదానికి ఒక మాట సెప్పు. రాలేదని బాధ పడొద్దను. అది నా పక్కన ఊరికే పండుకున్న దినాలే నాకు పానం నెమ్మదిగా ఉండాది. నువ్వొస్తే నేనొక పనిని. అదొస్తే అమ్మను."

నేను లేవబోతే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వూ అంతే సేయి. పుస్తకం ఆడ పెట్టి ఈడ పండుకో."

పడుకోలేదు. వంటింట్లోకి పోయి బయ్యమ్మ తోమి బోర్లించిన బోకులు మళ్ళీ తోమాను. ఇంత చేసింది నేను, నెమ్మది నీతోనా అని ఓర్వలేకపోయాను. అందుకే నీకు చెప్పలేదు. అమ్మ పోయిన దినం చెప్పొచ్చు, చెప్పలేదు. కూడిక నాడు పుస్తకంతో పాటు ఆ మాట కూడా నా నోట్లో ఉంది. పుస్తకమే చదివాను. నువ్వు ఈ ఏడు నెలలూ అమ్మకు పనికిరాని కూతురినని అనుకుంటూ పడుకుని ఉంటావు. అది నీ జబ్బుకు నేను కలిపిన బరువు. క్షమించమని అడుగుతున్నాను. వెంటనే క్షమించకపోయినా న్యాయమే.

మందులు మానొద్దు. ఈ నెలలో నాలుగు జాకెట్లు కుట్టానని రాశావు. ముందైతే నాలుగేనా అనేదాన్ని. ఇప్పుడు ఆ వాక్యం మీ బావకు గట్టిగా చదివి వినిపించాను. ఆ స్థితిలో కూడా కూర్చుని, నేను మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నానా అని అడిగి రాశావు చూడు, అందుకు నీకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు.

నీకు వీలైనప్పుడు రా. వంతు లేదు, తేదీ లేదు. వచ్చి ఏమీ చేయవద్దు. చాప పరుస్తాను, ఇద్దరం పడుకుందాం. లేవాలనిపించిన దినం అమ్మ పెట్టె తెరుద్దాం. లేకపోతే అది అక్కడే ఉంటుంది. ఉప్మా మాత్రం మీ బావదే, అది నువ్వు భరించాలి.

ప్రకాష్ బాబుకు మా వందనాలు. నీ మీద ఓపిక పట్టినందుకు ఆయనకు నేను వేరుగా రాస్తాను.

ఇట్లు,
పుస్తకం పక్కన పెట్టి నీ కోసం చూస్తున్న
నీ అక్క,
షైలజ.

కవరు అంటించబోయి మళ్ళీ తెరిచాను. ఇరవై మూడు తేదీలున్న పేజీ పుస్తకంలోంచి కత్తిరించి ఇందులో పెడుతున్నాను. చింపుతావో పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. దాని తర్వాతి పేజీలో ఈ దినం రాసుకున్నది ఇది:

అమ్మ జెనిఫర్‌కు చెప్పమన్న మాట, ఒకటి. నవంబరు నుంచి నా దగ్గర నిలిచిపోయింది. ఈ దినం ఇచ్చేశాను. చెల్లు.