తమ్ముడి సాక్ష్యం

తమ్ముడు శ్రావణ్‌కు, చిట్కుల్ నుంచి అన్న జైపాల్ దీవెనలు.

ఇక్కడ వైద్యం చేయించుకుంటూ కర్ర సాయంతో నడుస్తున్నాను, దిగులు పడకు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఈ కార్డు రాస్తున్నాను. ముత్తంగి దగ్గర మనల్ని లారీ గుద్దిన కేసు ఈ నెల ఇరవైన సంగారెడ్డి కోర్టుకు వస్తుంది. నాన్న బండి నడిపిన నీదే తప్పని లారీవాళ్లు అంటున్నారు. నువ్వు సాక్ష్యం చెప్తేనే నాకు పరిహారం వస్తుందట.

“మీ తమ్ముడు జోరుగ నడిపిండా?” అని మన వకీలు అడిగాడు.

“వాడా సార్? చిన్నప్పుడు సైకిల్ నేర్పిస్తుంటే, గుంత కనవడితే సాలు, దిగి నడిపించుకుంట పోయేటోడు” అన్నాను. మన గుమ్మడిదల మట్టిబాట, నీ నిక్కరు కళ్ల ముందు మెదిలాయి.

అమ్మ మందులు వేసుకుంటోందా? నా తెల్ల చొక్కా తీసుకురా.

నాన్న బండి మీదే రా. కోర్టు అయ్యాక నీ వెనక కూర్చుని ఇంటికి వస్తాను.