కళ్ళకద్దుకున్న పిస్తోలు

జుబైల్, శుక్రవారం రాత్రి

యుద్ధం ఆగినా మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, భయం తగ్గలేదు. ఎక్కడెక్కడి నుంచో విడిభాగాలు తెప్పించి, ఇంట్లోనే పిస్తోలు బిగించమని ఇనుప పని తెలిసిన నాకిచ్చాడు. అది కాగానే దేశం విడిచి వెళ్ళేందుకు ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఊరికి పంపిస్తానన్నాడు.

ఇవాళ పూర్తయింది. పని ముగిశాక చేసినదాన్ని కళ్ళకద్దుకునే అలవాటు నాది. పిస్తోలునూ అలాగే అద్దుకున్నాను. కఫీల్ చూశాడు. నాకీ పని ఇష్టమనుకున్నాడు.

“తమామ్ బాబా, చాలా బాగుంది! మా తమ్ముడికీ ఒకటి చెయ్యి. ఎగ్జిట్ తర్వాత చూద్దాం” అన్నాడు.

డ్రైవర్ మల్లయ్య బయటికొచ్చాక పట్టుకున్నాడు. “గదేమన్న దేవుడానే కాకా, కండ్లకద్దుకుంటివి? రెండోదన్న జర కరాబు చెయ్యి!”

చెయ్యొచ్చు. కానీ అది పేలితే ఆ తమ్ముడి చెయ్యి పోతుంది. బాగా చేస్తేనేమో మూడోది అడుగుతాడు…