మునెప్పకు మొక్కిన జుట్టు

ఏప్రిల్ 5, శనివారం

మళ్ళీ పుంగనూరు. సలహా కేంద్రం. మందుల అంగడి మీది మేడ. నేను ముందు మెట్లు ఎక్కాలి, ఆయన వెనక మెట్లు ఎక్కాలి. విడిగా ఉంటున్న మొగుడూ పెళ్ళాం ఎదురుపడి అరుచుకోకూడదని రేణుక మేడం పెట్టిన పద్ధతి. చిన్నోడు ఆటల గదిలో వాళ్ళ నాయనతో. వాళ్ళకు తోడుగా ఒక వాలంటీరమ్మ. నేను గోడకు ఇవతల, ప్లాస్టిక్ కుర్చీలో. హుక్సు కుడదామని గిరాకీవాళ్ళ జాకెట్టు ఒకటి తెచ్చుకున్నా. ఒక్కటీ కుట్టలేదు.

గోడవతల చిన్నోడి నవ్వులు. ఆగిపోతే భయం... ఎందుకాగాయని. ఆగకపోతే ఇంకో భయం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాడు. "నాయన కుప్పంలో దూడను సూపిస్తా అన్నాడు. యాల పోగూడదు?" అదిగో చింతచెట్టు చూడు, ఇదిగో గొర్రెలు చూడు అని మాట మార్చాను. నాలుగేళ్ళవాడే కదా, మరిచిపోతాడు అనుకున్నా. మదనపల్లె బస్టాండులో దిగేదాకా దూడ దూడ అంటూనే ఉన్నాడు.

ఏప్రిల్ 8

చిన్నోడి నెత్తిన సెగ్గడ్డలు. జడ కింద, మెడ దగ్గర ఒకటి పెద్దది. ముట్టుకోనివ్వడు. పుట్టినప్పటినుంచి కత్తెర తగలని జుట్టు, వీపు సగం దాకా వచ్చింది. ఈ ఎండలకు లోపలంతా చెమట. బడిలో ఆడపిల్లవా అని ఎక్కిరిస్తారట. వీడు ఏడవడు, కొరుకుతాడు. నా కొడుకే.

ఏప్రిల్ 9

డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "జుట్టు తీయించెయ్యండమ్మా, లేకపోతే తగ్గదు." గోళ్ళు తీయించమన్నంత తేలిగ్గా. ఇంటికొచ్చి చెప్తే అమ్మ చెవులు మూసుకుంది. "ఇలవేల్పుకు ఇయ్యకుండా పుట్టెంటికలకు కత్తెర పెడతారా యాడన్నా!"

ఇలవేల్పు మాది కాదు, వాళ్ళది. కుప్పం అవతల ఊళ్ళో, వాళ్ళ చేని గట్టున మునెప్ప. ఏడాది నిండగానే తీయాల్సిన జుట్టు. అప్పుడు మా మామ, ఆయన నాయన, పోయి మైల పడింది. మూడో ఏట తీద్దాం అనుకునేలోపు నేను బిడ్డను సంకనేసుకుని మదనపల్లె బస్సెక్కేశాను. ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది.

దేవుడి పట్టింపులు నాకు పెద్దగా లేవు. అయినా కత్తెర చేతికి తీసుకుని మళ్ళీ కింద పెట్టేశా. రేపు వాడికి కాస్త ఒళ్ళు కాలినా, మునెప్పకు ఇవ్వలేదు కాబట్టే అని రెండిళ్ళూ నా నెత్తినే రుద్దుతాయి. అది సరే. నేను కూడా నమ్మేస్తానేమో... అదీ నా భయం.

ఏప్రిల్ 10

పెద్ద గడ్డ పగిలింది. దిండంతా చీము, నెత్తురు. నేనూ వాడితో పాటు ఏడ్చాను. కత్తెరను కుట్టుమిషను సొరుగులో పెట్టేశా.

ఏప్రిల్ 19, శనివారం

రేణుక మేడంతో అంతా చెప్పేశా. జుట్టు తీయాలి. తీయాలంటే వాళ్ళ ఊరికి పోవాలి. పోవాలంటే భయం.

"దేనికమ్మా భయం? కొడతాడా?"

"కొట్టడు మేడం. పోనియ్యడు."

మేడం నవ్వలేదు. అందుకే ఆమె అంటే నాకు గౌరవం. వేరే ఎవరికి చెప్పినా, అదీ ఒక కష్టమేనా, మొగుడికి నీ మీద ప్రేమ అంటారు. అంగడికి పోతానంటే తోడొస్తాడు. పుట్టింటికి పోతానంటే పట్టుపురుగుల పని ఉందంటాడు. నా ఫోను చూసి ఇస్తానని తీసుకుని, మరిచిపోయినట్టు జేబులో వేసుకుంటాడు. గొంతు పెంచడు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒక్కదాన్నే బస్సెక్కి ఎరగను. చివరికి అమ్మకు బాగాలేదని అబద్ధం చెప్పి వచ్చేశా.

పోయిన దసరాకు బిడ్డను రెండు రోజులని తీసుకుపోయాడు. వారం దాటినా పంపలేదు. కేంద్రంవాళ్ళు ఊరి పెద్దలతో మాట్లాడితే గానీ దించలేదు. ఆనాటినుంచే ఈ గోడ, ఈ రెండు మెట్ల దారులు.

అవతలి గది నుంచి కబురు తెచ్చింది వాలంటీరమ్మ. "పొట్టేలును మేపుతా ఉండారంట. పిల్లోడి మామ వస్తే సాలంట."

అవును, మామ లేనిదే పని కాదు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేస్తేనే మిగతావాళ్ళు తలమీద చెయ్యి పెట్టాలి. ఆ మామ మా సోము. నా తమ్ముడు నా దగ్గరే ఉన్నాడు కదా, వాడు లేకుండా ఎట్లా చేస్తారు అని ఇన్నాళ్ళూ గుండె దిటవు చేసుకున్నా. ఇప్పుడు ఆ తమ్ముడినే వెంటబెట్టుకుని నేనే పోవాలి.

ఏప్రిల్ 22

సోము: "పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దాం అక్కా. నేనుండాను గదా. నన్ను దాటుకోని పెట్టుకుంటారా వాణ్ణి?"

తమ్ముడికి కిరాణా అంగడిలో కూర్చుని అందరికీ ధైర్యం చెప్పడం అలవాటు. వాడికి బావ అంటే ఇష్టం కూడా. ఇద్దరూ కలిస్తే క్రికెట్టే. అదీ భయమే నాకు.

మే 3, శనివారం

మమ్మల్ని మొదటిసారి ఒకే గదిలో కూర్చోబెట్టింది మేడం. మధ్యలో బల్ల. నేను బల్లకేసే చూస్తూ కూర్చున్నా.

మేడం ఒక్కొక్కటీ చెప్పింది. పదకొండో తేదీ ఆదివారం పొద్దున పోవాలి. గుండు, పూజ, భోజనం. చీకటి పడకముందే బస్సెక్కించాలి. మామ పిల్లోడి పక్కనే ఉండాలి. ఆయన దేనికీ కాదనలేదు. "సరే మేడం." "అట్లే మేడం." ఒక్కదానికైనా అడ్డం చెప్పి ఉంటే నాకింత భయం ఉండేది కాదు.

లేస్తూ నాతో ఒక్క మాటన్నాడు. "సన్నబడినావే."

ఇంటికొచ్చేదాకా ఆ మాట చెవిలోనే ఉంది. జాలిపడ్డాడా? ఇంటికి తీసుకుపోయి తిండి పెట్టాలనుకున్నాడా? మామూలుగా అన్నాడా? మామూలు మాట మామూలుగా వినే చెవి నాకు పోయింది.

మే 7

సోము చిన్నోడికి పట్టు పంచె, చొక్కా కొన్నాడు. మామ పెట్టాలి కదా. చిన్నోడు విప్పనంటాడు. వాటిలోనే నిద్రపోయాడు.

మే 10

రేపే. అమ్మ పసుపు, కుంకుమ, అరటిపండ్లు సర్దింది. నేను బ్యాగులో చిన్నోడి బట్టలు ఒక్క జతే పెట్టా. రెండో జత పెడితే రెండో రోజు ఉండాల్సి వస్తుందేమోనని. నవ్వొచ్చింది నాకే. అయినా పెట్టలేదు.

మే 11, ఆదివారం

బస్సులో. పలమనేరు దాటాం. సోము కిటికీకి తల ఆనించి నిద్ర. చిన్నోడు నా ఒళ్ళో. జడ అల్లాను చివరిసారి, గడ్డలకు తగలకుండా వదులుగా. రాస్తుంటే అక్షరాలు ఎగురుతున్నాయి. బస్సు కుదుపు అని రాసుకుందాం.

మధ్యాహ్నం

అయిపోయింది.

మునెప్ప ముందు సోము ఒళ్ళో కూర్చున్నాడు. సోము మొదటి కత్తెర వేశాడు. తర్వాత గుండు గీసే తాత. చిన్నోడు ఏడవలేదు, కళ్ళు గట్టిగా మూసుకుని నా వేలు పట్టుకున్నాడు. అంతా అయ్యాక తల తడుముకుని, కింద పడిన జుట్టు చూసి అప్పుడు ఏడ్చాడు.

జుట్టు పోయాక గడ్డలన్నీ బయటపడ్డాయి. అత్త చూసి గుండె బాదుకుంది. "నా సామీ, ఇంత నెప్పి పెట్టుకోని తిరిగినావా!" కొంగుతో అద్ది, చందనం రాసింది. అదంతా నటన కాదు. నటన అయితే నాకు సుఖంగా ఉండేది, తిట్టుకునేదాన్ని. ఆమె ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

పొట్టేలు కూర, రాగిసంగటి. ఊళ్ళో సగం మంది. సోము బావ పక్కన కూర్చుని పెద్దగా నవ్వుతున్నాడు.

తినగానే బ్యాగు భుజాన వేసుకున్నా. అత్త చేతులు కడుక్కుంటూ, "యాడికి?" అంది.

"బస్సుకు అత్తా."

"బస్సేందమ్మా! గుండు గీయించుకున్న బిడ్డ ఆ పొద్దు పొలిమేర దాటగూడదు. మునెప్ప నీడలో ఒక రాత్రి నిద్ర సేయాల. మీవోళ్ళకు తెలీదా?"

ఈ మాట పుంగనూరులో ఎవరూ ఎత్తలేదు. మేడం అన్నీ అడిగింది, ఇది అడగాలని ఆమెకెట్లా తెలుస్తుంది? ఆయన వైపు చూశా. ఆయన నేల చూశాడు. సోము వైపు చూశా. "పెద్దోళ్ళకు తెలుస్తాదిలే అక్కా" అన్నాడు. గుండు గీసిన తాత కత్తి తుడుచుకుంటుంటే పోయి అడిగా, నిజమేనా అని. "ఒక్కోరింట్లో ఒక్కో తీరమ్మా" అన్నాడు.

నిజంగా వాళ్ళింటి ఆచారమో, ఈ పొద్దున పొయ్యి దగ్గర పుట్టిన ఆచారమో ఎవరు చెప్పాలి? ఆయనకు చిన్నప్పుడు గుండు కొట్టించింది వాళ్ళ నాయన, మా మామ. మామ లేడు.

"నువ్వూ ఉండు. ఎవురొద్దన్నారు? నీ ఇల్లే గదా" అంది అత్త.

కాసేపటికి

చేని గట్టుకు పోయి మేడంకు ఫోన్ చేశా. అత్త అన్నది అన్నట్టే అప్పజెప్పా. ఆమె తొందరపెట్టలేదు. "ఇష్టం లేకుండా ఉండొద్దు. అక్కడ మనకు తెలిసినవాళ్ళున్నారు, ఇప్పుడే పంపిస్తా. ఉంటానంటే రేపు పొద్దున నేనే వస్తా. ఏదైనా నువ్వే చెప్పు."

నేనే చెప్పాలి. ఎన్నాళ్ళనుంచో ఎవరైనా నన్ను అడిగితే బాగుండునని ఏడ్చా. అడిగితే నోరు పెగలట్లేదు.

బిడ్డను వదిలి పోలేను. దసరాను మరచిపోలేదు. జనాన్ని పిలిపించి, ఏడ్చి అలసి అవ్వ ఒళ్ళో పడుకున్న బిడ్డను అందరి ముందూ లాక్కోలేను. వాడి మొహం గుర్తొస్తే చేతులు రావు.

"ఉంటా మేడం. సోము ఉన్నాడు కదా. పొద్దున్నే రండి" అన్నా.

సాయంత్రం

సోము వెళ్ళిపోయాడు.

"పొద్దున అంగడికి సరుకొస్తాది అక్కా, యెవురు దించుకుంటారు? బావ ఉండాడు గదా ఈడ." బావ ఉన్నాడనే కదరా నిన్ను ఉండమన్నది! చెయ్యి పట్టుకుని బతిమాలాను. "ఒక్క రాత్రికే యాల ఇంత భయపడతావు" అన్నాడు. ఆఖరి బస్సుకు పోయాడు, క్యారియరు నిండా పొట్టేలు కూర పెట్టించుకుని. వాడి మీద వచ్చిన కోపంలో కాసేపు భయం మరిచిపోయా.

పక్కింటి ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంది. "వచ్చేస్తివా అమ్మా? మంచి పని సేస్తివి." లేదు, రేపు పోతున్నా అనేలోపు అత్త అంది, "వచ్చింది గదా సూడు." ఇంకో ఆమె, ఇంకో ఆమె. అందరికీ అదే మాట. నేను కాదంటున్నా, వినేవాళ్ళు లేరు.

చిన్నోడు లేచాడు. వాళ్ళ నాయన భుజం మీద ఊరేగి, దూడను చూసి, పేడ కాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, రేపు గూడా ఈడే ఉందామా?" గుండు, చందనం, కళ్ళలో వెలుగు. వాడింత సంతోషంగా ఉండి నేను చూసి చాలా రోజులైంది. ఒళ్ళోకి లాక్కుని కాళ్ళు కడిగా.

ఆయన గడప దగ్గరకొచ్చాడు. లోపలికి రాలేదు. "ఫోను ఇయ్యి, సార్జింగ్ పెడతా."

"ఉంది" అన్నా. లేదు. ఎర్ర గీత.

"సరే" అన్నాడు. కొంచెం ఆగి, "బాగుండాది ఇట్లా... ముగ్గురం." గొంతులో బెదిరింపు లేదు. ఉంటే తిరగబడేదాన్ని.

తర్వాత మంచం తెచ్చి వాకిట్లో వేసుకున్నాడు. తలుపుకు అడ్డంగా. ఎండాకాలం ఈ ఊళ్ళో మగవాళ్ళంతా వాకిళ్ళలోనే పడుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అడిగాను, కొంచెం పక్కకు వేసుకోరాదా అని.

"గాలి ఈడే వస్తాది" అన్నాడు.

మే 12, సోమవారం

తెల్లవారుతోంది. నిద్రపోలేదు. ఫోను ఆరిపోయింది. మేడం బయలుదేరిందో లేదో తెలియదు. బయలుదేరే ఉంటుంది... ఆమె అన్నమాట తప్పే మనిషి కాదు. కానీ ఈ ఇల్లు ఆమెకు కనుక్కోవడం తెలుసా? కుప్పం నుంచి ఏ దారి అని నేను సరిగ్గా చెప్పానా? గుర్తు రావడం లేదు.

బ్యాగు సర్దుకున్నా. కొత్త పంచె మడిచి పెట్టా. చిన్నోడు బోర్లా పడుకుని ఉన్నాడు, గడ్డలు కొంచెం మానుముఖం పట్టినట్టే ఉన్నాయి. చెప్పుకోవాలి కదా, అది మంచి సంగతే.

వాణ్ణి లేపాలి. లేపితే ముందు నాయనా అంటాడు.

కిటికీలోంచి చూశా. ఆయన లేచే ఉన్నాడు. మంచం మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. అత్త గ్లాసుతో కాఫీ ఇచ్చింది, తాగుతున్నాడు. లేవలేదు. మంచం ఎత్తలేదు.