మిగిలిన పిన్ను

సుభద్రా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మీ తమ్ముడు వచ్చాడు. మన బండిలాంటి మోటార్‌సైకిలే కొన్నాడు. "బావా, ఆ రిపేరు పుస్తకం ఇవ్వు. వెనక చక్రం బిగించుకుని మా ఆవిణ్ణి ఊరికి తీసుకెళ్ళాలి" అన్నాడు.

ఆ రోజు నేనూ పుస్తకం చూసే చక్రం బిగించాను. చివరికి ఒక పిన్ను మిగిలిపోయింది. "ఏమండీ, ఇదెక్కడిదో మెకానిక్ ఖాసింని అడగరాదూ?" అన్నావు. "పుస్తకంలో లేదు. బి.ఎస్సీ. చదివి వాణ్ణి అడగాలా?" అన్నాను. నువ్వు వెనక ఎక్కావు. కాలువ గట్టు మీద ఇరుసు నట్టు ఊడిపోయింది. చక్రం జారి నువ్వు పడ్డావు, మళ్ళీ లేవలేదు.

తర్వాత బండి చూసి ఖాసిం, "నట్టు ఊడకుంట గీడ పిన్ను ఉండాలె గద సార్. కితాబుల లేకుంటే ఏయరా?" అన్నాడు. ఆ పిన్ను నీ చీర కొంగున ముడివేసి ఉంది.

మీవాళ్ళకు మాత్రం గట్టు బాగాలేదని చెప్పాను.

ఇవాళ పుస్తకం ఇవ్వనన్నాను. "అయితే నువ్వే రా బావా. నువ్వు బిగిస్తే ఇక చూసుకోనక్కర్లేదని అక్క అనేది" అన్నాడు. అప్పుడు పిన్ను అతని చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను.

కాఫీ ముట్టకుండా లేచాడు. బండి ఎక్కలేదు. ఖాసిం షెడ్డు దాకా తోసుకుంటూ వెళ్ళాడు. పిన్ను నాకు తిరిగి ఇవ్వలేదు.