ఫామ్ చాక్లెట్

ఫిబ్రవరి 4

నిన్నే అంటున్నాను. అడక్కుండా ఈ డైరీ తెరిచావు కదా, నిన్నే. నీకు పతకం కావాలి. అది తెచ్చే పిల్లకి నెలనెలా నెత్తురు పోతుందన్న సంగతి మాత్రం నీ చెవిన పడకూడదు.

ఇవాళ నా మేనకోడలు హర్డిల్స్‌లో రెండుసార్లు పడింది. పొడుగు కాళ్లు చూసి స్టేడియంలో అందరూ దాన్ని మిడత అంటారు. పీరియడ్ ముందు రోజులు. నిద్ర లేదు, ఒళ్లు బరువు, ఊరికే ఏడుపు. అక్కడ ఫిజియోని నేనే. ఈ పూటకి వదిలెయ్యమన్నాను. కోచ్ నవ్వాడు. మా అమ్మ ఈ వంకతో ఒక్క పూటైనా వంట మానిందా మేడం అన్నాడు. మానలేదు, మాననిచ్చారా అన్నాను.

ఏప్రిల్ 10

మిడతకి పీరియడ్లు ఆగిపోయాయి. చాక్లెట్ ఇచ్చారు!

హాస్టల్లో అదొక రివాజట. ఎవరికి ఆగిపోతే వాళ్లకి సీనియర్లు చాక్లెట్ ఇస్తారు. ఫామ్‌లోకి వచ్చినట్టట. మెస్‌లో రోజూ తూకం వేస్తారు, బరువు పెరుగుతానని అది తినలేదు, జేబులో వేసుకుని పతకంలా తిప్పుతోంది. ఇంజిన్ సెట్టయింది అన్నాడు కోచ్. నాయనా, అది సెట్టవడం కాదు, పెట్రోలు లేక బండి ఆగడం!

ఏప్రిల్ 22, తెల్లారి ఆరు

టైమింగ్ మెరుగైంది. అందరూ కోచ్ భుజం తడుతున్నారు. నా దిగులు వేరు: నెలసరి ఆగితే ఎముక గుల్లబారుతుంది.

మే 9

మోకాలి కింద, ఎముక మీద ఒక్కచోట వేలు పెడితే మిడత బల్ల మీంచి ఎగిరిపడింది. స్కాన్ తీయిద్దాం అన్నాను. టీమ్ సెలక్షన్ ట్రయల్స్ అయ్యాక అంది. ఈలోపు విరిగితే అన్నాను. నోరు మూసుకో అత్తా, తెలిస్తే నన్ను తీసేస్తారు, నీ ఉపన్యాసాలకి నా కాళ్లే దొరికాయా అంది.

కోపం వచ్చింది. దాని మీద కాదు. కొంచెం దాని మీద కూడా.

మే 10

నోరు మూసుకోలేను.

మే 12

సెలక్షన్ కమిటీ మీటింగ్‌లో మైకు లాక్కుని అన్నీ చెప్పాను. పీరియడ్లు, తిండి, ఎముక. ఆడవాళ్ల విషయాలు ఇక్కడెందుకమ్మా అన్నాడొకాయన. ఆడవాళ్ల టీమ్ ఎంచుతూ ఇంకేం మాట్లాడమంటారు అన్నాను. స్కాన్ తీయించారు. సన్నటి పగులు. పరిగెత్తి ఉంటే రెండు ముక్కలయ్యేదంది డాక్టరు. ట్రయల్స్‌లోంచి మిడత పేరు కొట్టేశారు.

గెలిచింది నేనే. ఆటోలో అది అటు తిరిగి కూర్చుంది. నా నెలసరి మైకులో చదివావు కదా అత్తా అంది.

జూన్ 30

మిడత మా ఇంట్లోనే ఉంది. కడుపునిండా తింటోంది. నాతో మాట్లాడదు.

ఆగస్టు 2

బాత్రూమ్‌లోంచి కేక. అత్తా, ప్యాడ్ అందించు అని! ఇన్నాళ్లకి నాతో అన్న మొదటి మాట. బయటికొచ్చి, కరిగి మళ్లీ గడ్డకట్టిన ఆ చాక్లెట్ విప్పింది. ఇది ఇవ్వాల్సింది ఇవాళ అంది. సగం నాకు పెట్టింది.

ఆగస్టు 3

కమిటీకి పంపే సూచనలు:

పీరియడ్ ఆగిన అమ్మాయిని మెచ్చుకోవడం మానాలి, డాక్టరు దగ్గరికి పంపాలి.

ఎవరి ఒంటిని బట్టి వాళ్లకి ప్రాక్టీసు. నొప్పి పూట సెలవు, సంజాయిషీ అడక్కూడదు.

మెస్‌లోంచి తూకం మిషన్ తీసెయ్యాలి.

కోచ్‌లకి ముందు వీటి మీద పాఠం, తర్వాతే విజిల్.

ఇది మిడత రాసింది: నా ఒంటి సంగతి నన్నడిగాకే ఎవరైనా నోరెత్తాలి. అత్త కూడా.