ఇంకొంచెం దూరం

రాయగడ, నవంబరు 12, బుధవారం

బట్టలు ఉతికాను. ఇడ్లీ పిండి రుబ్బాను. అటక మీది సామాను దించడం ఈరోజూ కాలేదు.

ఆయనకు కొరాపుట్ బదిలీ అయింది. పాప బడి మాన్పించి వెంట వెళ్ళాలా, మేమిక్కడే ఉండిపోవాలా అన్నది రేపటికల్లా చెప్పాలి.

సాయంత్రం పాప ఆదిమానవుల పాఠం చదివింది. ఆఫ్రికా నుంచి మనుషులు లోకమంతా నడిచారట.

"అంత దూరం ఏటి తిని నడిసేరే అమ్మీ?" అన్నారు అత్తయ్య.

"ఒక్కసారే నడవలేదు నాయనమ్మా. వానల్లేక వేట దొరక్కపోతే పక్క లోయకి వెళ్ళేరు. వాళ్ళ పిల్లలు ఇంకొంచెం దూరం వెళ్ళేరు. అలా వేల ఏళ్ళు."

"మీయమ్మైతే ఆ మొదటి లోయలోనే కూకుండిపోయేది."

నవ్వాను గానీ, ఆ తల్లులు మూటలో ముందుగా ఏం పెట్టుకున్నారో అనుకుంటూ పాలు తోడు పెట్టాను. మేమీ ఇంట్లో దిగిన రోజు పక్కింటి ఒడియా ఆవిడ గిన్నెలో ఇచ్చిన తోడే ఇప్పటికీ నడుస్తోంది. కొరాపుట్‌లోనూ నడుస్తుంది. వస్తామని ఆయనకు చెప్పేశాను. పాప కొత్త బడి సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

తన పెరుగు పాడైందని ఆ పక్కింటావిడే ఇందాక తోడు కోసం గిన్నెతో వచ్చింది. నిండుగా వేసిచ్చాను. తోడు బాకీ చెల్లు.