నికెల్ పొడి రాజుకున్న రోజు

తాటిపాక

మామ్మకు కుసుమ నమస్కారాలు.

దస్తూరీ వేరేగా ఉందని కంగారుపడకు. నా కుడిచేతికి కట్టు ఉంది. నేను చెబుతుంటే మా ల్యాబులో పనిచేసే వినయ్ గారు రాస్తున్నారు. ఫోన్‌లో నీకు వినపడదు కదా.

ఇక్కడ మేం నాచు నుంచి తీసిన నూనెను డీజిల్‌గా మారుస్తున్నాం. ఆ చిక్కటి నూనెను పల్చన చేసేది నికెల్ పొడే. కానీ వాడిన పొడికి గాలి తగిలితే చాలు, నిప్పు అంటుకుంటుంది. మంగళవారం వినయ్ గారు పొడి చల్లారిందనుకుని పాత్ర మూత తీశారు. భగ్గుమంది. ఇసుక పోసి ఆర్పేశాం. నా చెయ్యి కొంచెం కాలింది, అంతే.

మా పెద్ద సారు వచ్చి, "మూత ఎవరు తీసేరు?" అని గట్టిగా అడిగారు. "ఇద్దరం తీసేమండీ" అన్నాను. పాపం, వినయ్ గారు చేరి నెల కూడా కాలేదు. ఇది రాయనంటున్నారు. "రాయండి, మామ్మ దగ్గర నాకు దాపరికం లేదు" అన్నాను.

వదులు చేతుల చుడీదార్లు రెండు పంపు, బిగుతువి కట్టు మీద ఎక్కడం లేదు. కంటి చుక్కలు వేసుకుంటున్నావా? కొబ్బరికాయలు దింపించావా? నీ దీవెన ఉంటే త్వరగా మానిపోతుంది.

కుసుమ

మామ్మగారూ, ఈ ముక్క నాదండి, కుసుమ గారికి చదివి వినిపించలేదు. మంట నా మొహం మీదకే లేచిందండి. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేరు. నా కళ్ళు దక్కేయండి.

వినయ్